మన వాటాలోని రంధ్రం

మొదటి ఖుత్బా

సమస్త స్తోత్రాలు, కృతజ్ఞతలు అల్లాహ్‌కే శోభిస్తాయి. మేఘాలను నడిపించి, ఎండిన నేలను తడిపి, ఆ తడి నుండి మనకు అన్నాన్నీ మన పశువులకు మేతనూ పుట్టించేవాడు ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి, శుభాలు వర్షించుగాక!

దైవదాసులారా! ముందుగా మాకూ మీకూ చేసుకునే హితవు ఒక్కటే: అల్లాహ్‌కు భయపడదాం. మస్జిద్‌లో ఉన్నప్పుడే కాదు, ఇంట్లో కొళాయి తిప్పేటప్పుడు కూడా ఆయన మనలను చూస్తున్నాడన్న స్పృహతో జీవిద్దాం.

హజ్రత్ నౌమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ఒక ప్రసిద్ధ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. అందులో దైవప్రవక్త (స) ఒక ఓడను ఉపమానంగా చెప్పారు. కొందరు ప్రయాణికులు చీట్లు వేసుకుని ఓడలో స్థలాలు పంచుకున్నారు. కొందరికి పై అంతస్తు, మరికొందరికి కింది అంతస్తు వచ్చింది. కిందివారికి నీరు కావలసి వచ్చినప్పుడల్లా పైవారి మధ్య నుండి వెళ్లి తెచ్చుకోవలసి వచ్చేది. మాటిమాటికీ పైవారిని ఇబ్బంది పెట్టడం ఎందుకు, మన భాగంలోనే ఒక రంధ్రం చేసుకుంటే సరిపోతుంది కదా అని వారు తలచారు. పైవారు వారిని వారి ఇష్టానికి వదిలివేస్తే అందరూ మునిగిపోతారు. వారి చేయి పట్టుకుని ఆపితే వారూ, వీరూ, అందరూ బ్రతికి బయటపడతారు.

ఈ హదీసును మనం అనేక పర్యాయాలు విన్నాం. చెడును చూస్తూ ఊరుకోరాదన్న బోధను దీని నుండి గ్రహించాం. అది సరైన గ్రహింపే. అయితే ఓడలోని ఆ కింది అంతస్తు వారిని ఈ రోజు మరికొంత దగ్గరగా చూద్దాం. వారు దుర్మార్గులు కారు. వారికి కావలసింది త్రాగునీరు. అది న్యాయమైన అవసరం. పైవారికి బాధ కలిగించరాదన్న మంచి ఉద్దేశమూ వారికి ఉంది. రంధ్రం చేయదలచిన చోటు కూడా పరులది కాదు, తమ వాటాయే. అవసరం న్యాయమైనది, ఉద్దేశం మంచిది, స్థలం సొంతది. అయినా ఆ పని ఓడను ముంచివేసే పనే అయింది. ఎందుకంటే పలకలను పంచుకోవచ్చు గాని, ఓడ కింది సముద్రాన్ని పంచుకోలేం. చీట్లు వేసుకుని గీసుకున్న గీతలను నీరు గుర్తించదు.

సోదరులారా! నా స్థలం, నా బోరు, నా మోటారు, నా కరెంటు బిల్లు, మధ్యలో మీకేమిటి అని మనం అంటున్న మాట ఆ కింది అంతస్తు వారి మాట కాదా?

మన కాళ్ల కింది నేల ఎటువంటిదో కొంచెం తెలుసుకుందాం. తెలంగాణలో అధిక భాగం, రాయలసీమలో చాలా ప్రాంతం గట్టి రాతినేల. పైన కొన్ని మీటర్ల మేర మెత్తబడిన రాతిపొర ఉంటుంది. దాని కింద గట్టి రాయి, ఆ రాయిలో అక్కడక్కడ పగుళ్లు ఉంటాయి. వాననీరు పై పొరలోకి ఇంకి, నెమ్మదిగా ఆ పగుళ్లలోకి చేరుతుంది. ఇసుక నేలలలో వలె ఇక్కడ నేల కింద విశాలమైన నీటి నిల్వ ఉండదు. లోతుకు పోయేకొద్దీ సాధారణంగా పగుళ్లు తగ్గుతాయి, నీరూ తగ్గుతుంది. రెండు వందల అడుగుల బోరు ఎండిపోయిందని ఎనిమిది వందల అడుగులకు దిగినవాడు కొత్త నీటిని సృష్టించడు. చాలా సందర్భాలలో, చుట్టుప్రక్కల పగుళ్లలో మిగిలిన నీటినే తన వైపుకు లాగుకుంటాడు. తన మోటారు పోసే ధారను చూసి అల్హమ్దులిల్లాహ్ అంటాడు. అదే గంటలో పొరుగువాని బోరు గాలిని కక్కుతూ ఉంటుంది.

అల్-ముల్క్ సూరాను రాత్రి పడుకునే ముందు పఠించే అలవాటు మనలో చాలా మందికి ఉంది. ఆ సూరా ఏ ప్రశ్నతో ముగుస్తుందో గుర్తు చేసుకోండి. మీ నీరు భూమిలోకి ఇంకి అడుగంటిపోతే, మీకు పారే నీటిని తెచ్చి ఇచ్చేది ఎవరు అని అల్లాహ్ అడుగుతాడు. అల్-మోమినూన్ సూరాలో, ఆకాశం నుండి నీటిని ఒక కొలత ప్రకారం దింపి భూమిలో నిలిపి ఉంచామనీ, దానిని తీసుకుపోగల శక్తీ తమకు ఉందనీ తెలియజేశాడు. వచ్చే నీరు కొలతతోనే వస్తుంది. వాడుకునే మనం మాత్రం కొలత మరచిపోయాం. నేడు ప్రపంచంలో భూగర్భ జలాన్ని అన్ని దేశాలకంటే ఎక్కువగా తోడుతున్నది మన భారతదేశమే. అమెరికా, చైనా రెండూ కలిసి తోడేదానికంటే మనం తోడేదే అధికం.

మన పూర్వులకు ఈ రాతినేల స్వభావం బాగా తెలుసు. అందుకే వారు లోతుకు వెళ్లలేదు. కురిసిన నీటిని కురిసిన చోటనే ఆపారు. కాకతీయుల కాలంలో గొలుసుకట్టు చెరువులు వెలిశాయి. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు కాలువ వెంట కింది చెరువుకు చేరేది. గోల్కొండ కుతుబ్‌షాహీ సుల్తానుల కాలంలో 1562లో హుస్సేన్‌సాగర్ నిర్మాణం జరిగింది. ఆ చెరువుల నీరు ఏ మతం వాని పొలానికైనా పారింది, ఏ కులం వాని బావినైనా నింపింది. పైవాడు నిండిన తరువాత కిందివానికి వదలడం వాటి ధర్మం. మన కాలానికి వచ్చేసరికి ఆ ధర్మం తారుమారైంది. చెరువు శిఖం భూమిలో ప్లాట్లు వేసినవాడు ఒకడు, ఆ ప్లాటు చౌకగా వచ్చిందని కొన్నవాడు ఇంకొకడు, కాలువను పూడ్చి గోడ కట్టుకున్నవాడు మరొకడు. ఆ పేర్ల జాబితాలో మన పేర్లు లేవని మనం ప్రమాణం చేయగలమా?

నేలపైనా నీటిలోనూ వ్యాపించిన కల్లోలానికి మానవుల చేతుల సంపాదనే కారణమని అర్-రూమ్ సూరా 41వ ఆయతు తెలుపుతున్నది. తాము చేసిన దానిలో కొంత రుచి వారికి చూపేది వారు మరలి వచ్చేందుకేనని కూడా ఆ ఆయతే చెబుతున్నది. ఇక్కడ రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది, ఆ ఆయతు చేతులను ప్రస్తావించింది. పర్యావరణం పాడైపోయిందనగానే మన వేళ్లు కర్మాగారాల వైపు, ప్రభుత్వం వైపు, సంపన్న దేశాల వైపు వెళతాయి. వారి పాపం చిన్నది కాదు. వారి లెక్క వారికి తప్పదు. అయితే వారిని చూపిస్తున్న మన చేతికీ ఒక సంపాదన ఉంది. అణువంత మంచి చేసినవాడూ దానిని చూసుకుంటాడు, అణువంత చెడు చేసినవాడూ దానిని చూసుకుంటాడని విశ్వసించే మనం, నా ఒక్కడి వాడకంతో ఏమవుతుంది అని ఎలా అనగలం? రెండవది, ఆ ఆయతు నిరాశతో ముగియలేదు. మరలి రమ్మన్న పిలుపుతో ముగిసింది.

సోదరులారా! ఇతరుల తప్పులు చెప్పడం సులువు. ఈ రోజు మేము మా తప్పును మీ ముందు ఉంచదలచాం.

మూడు సంవత్సరాల క్రితం ఒక వేసవిలో మా మస్జిద్ బోరు ఎండిపోయింది. రమజాన్ దగ్గర పడుతున్నది. కమిటీ సభ్యులం కూర్చుని, చందాలు పోగు చేసి, పాత బోరుకంటే చాలా లోతుగా కొత్త బోరు వేయించాం. నీళ్లు పడ్డాయి. అందరం సంతోషించాం, మిఠాయి పంచుకున్నాం. తరావీహ్ నమాజులకు వచ్చినవారికి నీటి కొరత లేకుండా పోయింది. ఈద్ గడిచిన తరువాత, మస్జిద్ వెనుక వీధిలో ఉండే ఒక అవ్వ ఖాళీ బిందెతో గేటు వద్దకు వచ్చింది. ఆమె ముస్లిం కాదు. ఆ వీధిలోని ఐదారు ఇళ్లకు ఒకే చేతిపంపు ఆధారం. ఆమె అన్న మాట ఇది: “సాబ్, మీరు బోరు వేసినంక మా పంపుల నీళ్లు వస్తలేవు. దేవుని పనికే వాడుకున్నరు గదా, మేమేమంటం? ఒక్క బిందె పట్టుకుంట.”

ఆమె కోపంతో మాట్లాడి ఉంటే మేము ఏదో సమాధానం చెప్పి ఉండేవాళ్లం. వానలు లేవనో, పంపు పాతదనో అనేవాళ్లం. ఆమె మమ్మల్ని నిందించలేదు. తన నీరు పోయిన తరువాత కూడా అది దేవుని పనికే పోయిందని సరిపెట్టుకున్నది. ఆ రోజు అసర్ నమాజుకు వుజూ చేస్తూ ఉంటే మాకు ఒక ప్రశ్న తట్టింది. మేము ముఖం కడుక్కుంటున్న ఈ నీరు ఎవరిది? మా బోరు వల్లనే ఆ పంపు ఎండిందని మేము నిరూపించలేం. మా బోరు వల్ల కాదని అల్లాహ్ ముందు ప్రమాణం చేయడమూ మా వల్ల కాదు. అంతకంటే సిగ్గుపడవలసిన విషయం ఒకటి ఉంది. బోరు వేయించే ముందు పొరుగువారి పంపు మాట మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఎవరి కీడు నుండి పొరుగువాడు సురక్షితంగా ఉండడో అతను విశ్వాసి కాడని దైవప్రవక్త (స) మూడు మార్లు ప్రమాణం చేసి చెప్పిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. అందులో పొరుగువాని మతం ఏమిటన్న షరతు లేదు.

ఇది మనకు కొత్తగా చెబుతున్న ధర్మం కాదు. నీరు, పచ్చిక, నిప్పు ఈ మూడింటిలో ముస్లింలు భాగస్వాములన్న హదీసు అబూ దావూద్ సంకలనంలో ఉంది. మిగులు నీటిని బాటసారికి ఇవ్వకుండా ఆపినవానితో ప్రళయదినాన అల్లాహ్ మాట్లాడడనీ, నీ చేతులు సృష్టించని దాని మిగులును నీవు ఆపావు గనుక నేడు నా అనుగ్రహాన్ని నీకు ఆపుతున్నానని అంటాడనీ బుఖారీలోని హదీసులు తెలుపుతున్నాయి. నీరు ఎవరి చేతులూ సృష్టించినది కాదు. బోరుకు ఖర్చు పెట్టినది మనమే, పైపులు కొన్నది మనమే. నీటిని చేసినది మాత్రం మనం కాదు.

మన ఫుఖహా ఈ సూత్రాలను కాగితం మీద వదిలివేయలేదు. ఎవరి సొంతమూ కాని భూమిలో ఒకడు బావి తవ్వితే, దాని చుట్టూ నిర్ణీతమైన మేర మరొకరు బావి తవ్వరాదని వారు హద్దు గీశారు. దానిని బావి ‘హరీమ్’ అన్నారు. పశువులకు నీరు పట్టే బావికి హనఫీ గ్రంథాలు నలభై మూరల హద్దును పేర్కొన్నాయి. ఆ రోజులలో సబ్‌మెర్సిబుల్ మోటారు లేదు, రాతిని తొలిచే యంత్రమూ లేదు. తోలుతిత్తితో నీరు తోడుకునే కాలంలోనే, ఒక బావి ఇంకొక బావి నీటిని హరించగలదని వారు గ్రహించి హద్దు పెట్టారు. వేల లీటర్లు తోడే యంత్రం చేత పట్టుకున్న మనకు ఆ హద్దు మరింత అవసరం కాదా? మన రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే మనం వాల్టా అని పిలుచుకునే చట్టం కూడా, బావులు, బోర్లు అధికారుల వద్ద నమోదు కావాలనీ, త్రాగునీటి వనరుకు సమీపంలో ఇష్టం వచ్చినట్లు తవ్వరాదనీ చెబుతున్నది. చట్టం ఎవరూ చూడడం లేదని దాటవేయవచ్చు. హరీమ్‌ను చూసేవాడు ఎప్పుడూ చూస్తూనే ఉన్నాడు.

ఆ అవ్వ వచ్చి వెళ్లిన తరువాత మేము ఒక పని చేశాం. వుజూ చేస్తున్న కొందరి కొళాయిల కింద బకెట్లు పెట్టి చూశాం. ఒక్కొక్కరి వుజూకు ఆరేడు లీటర్ల నీరు పోతున్నది. అందులో అవయవాలను తడిపినది కొంతే. మిగిలినదంతా చేతులు రుద్దుకుంటున్నప్పుడు, మాట్లాడుకుంటున్నప్పుడు ఊరక కారిపోయినది. హజ్రత్ అనస్ (రజి) తెలిపిన ప్రకారం దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారు. ఒక సాఅ నుండి ఐదు ముద్ద్‌ల నీటితో గుస్ల్ చేసేవారు. ఇది బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న హదీసు. ముద్ద్‌ను ఎంత ఉదారంగా లెక్కించినా సుమారు ఒక లీటరు. అంటే ఆయన స్నానానికి సరిపోయిన నీరు మన ఒక్క వుజూకు చాలడం లేదు!

లెక్క వేద్దాం. జుమాకు మూడు వందల మంది వస్తారనుకుందాం. ఒక్కొక్కరు ఆరు లీటర్లు వాడితే 1,800 లీటర్లు. సున్నత్ ప్రకారం ఒక్క లీటరుతో ముగిస్తే 300 లీటర్లు. ఒక్క శుక్రవారం, ఒక్క పూట, ఒక్క మస్జిద్‌లో తేడా 1,500 లీటర్లు. సంవత్సరంలోని 52 శుక్రవారాలకు అది 78,000 లీటర్లు. ఆ వెనుక వీధి వారికి ఇది ఎన్ని బిందెలో మీరే లెక్కించండి.

పారే నది ఒడ్డున ఉన్నా వుజూలో దుబారా చేయరాదన్న ఉల్లేఖనం ఇబ్నె మాజాలో ఉంది. దాని సనదులో బలహీనత ఉందని హదీసువేత్తలు చెప్పారు. అయినా వుజూలో దుబారా అయిష్టకరమన్న విషయంలో ఫుఖహాకు సందేహం లేదు. ఆరాధన కోసం చేసే పనిలోనే దుబారా ఇంత అయిష్టకరమైతే, కారు కడగడానికి, వాకిలి తడపడానికి గంటల తరబడి పైపు వదిలివేయడాన్ని ఏమనాలి?

ఇంతవరకు ఓడలో నీరు తోడే రంధ్రం గురించి మాట్లాడుకున్నాం. నీటిని పాడుచేసే రంధ్రం ఇంకొకటి ఉంది. దానికి సాక్ష్యంగా మూసీ నది మన కళ్ల ముందే పారుతున్నది. అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నగరం మధ్యగా ప్రవహించి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరు 28న ఆ నది పొంగి వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ విషాదం తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలతో, నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ సిద్ధమయ్యాయి. ఆపద నుండి పాఠం నేర్చి, వరదను అడ్డుకునే కట్టలనే త్రాగునీటి వనరులుగా మలచిన తరం అది. అదే నది నేడు నగరం దాటేసరికి మురుగుగా మారుతున్నది. దిగువ గ్రామాల రైతులు ఆ నీటితోనే వరి, పశువుల గడ్డి పండిస్తున్నారు. ఆ గడ్డి మేసిన పశువుల పాలు తిరిగి నగరానికే వస్తున్నాయి. పైవాడు కిందికి వదిలినది పైవాని గిన్నెలోకే చేరుతున్నది. ఓడ ఒక్కటే అన్నదానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

ఆ మురుగులో మన వంతు ఎంత? వలీమా విందు ముగిసిన మరునాటి ఉదయం ఫంక్షన్ హాలు వెనుక చూడండి. సగం త్రాగి వదిలిన నీళ్ల సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు, చేయి పెట్టి వదిలివేసిన బిర్యానీ కుప్పలుగా కనిపిస్తాయి. బక్రీద్ నాటి సాయంత్రం మన వీధులలోని నాలాలను చూడండి. ఖుర్బానీ ఇబ్రాహీం అలైహిస్సలాం సున్నత్. దాని వ్యర్థాలను నాలాలో పడవేయడం ఎవరి సున్నత్? నిలిచి ఉన్న నీటిలో మూత్రవిసర్జన చేయడాన్నే దైవప్రవక్త (స) నిషేధించారు. నీటి వనరుల వద్ద, దారి మధ్యన, మనుషులు సేదదీరే నీడలో మలవిసర్జన శాపాన్ని తెచ్చిపెట్టే పని అని హెచ్చరించారు. దారిలోని బాధాకరమైన వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని బోధించారు. తొలగించడం విశ్వాసమైనప్పుడు, తెచ్చి పడవేయడం ఏమవుతుందో ఆలోచించండి.

యెమన్ దేశపు సబా జాతి వృత్తాంతం ఖుర్ఆన్‌లో ఉంది. వారికి గొప్ప నీటికట్ట ఉండేది, కుడి ఎడమల తోటలు ఉండేవి. ప్రభువు ప్రసాదించినది తినండి, కృతజ్ఞతలు చెల్లించండి అని మాత్రమే వారిని కోరడం జరిగింది. వారు విముఖులయ్యారు. కట్ట తెగింది. తీయని పండ్ల తోటల స్థానంలో చేదు చెట్లు, ముళ్ల పొదలు మిగిలాయి. వారికి కొరవడినది ఇంజనీరింగు నైపుణ్యం కాదు, కృతజ్ఞత. నీటికి కృతజ్ఞత అంటే త్రాగిన తరువాత నాలుకతో స్తుతించడం మాత్రమే కాదు. ఆ నీరు తరువాతి వానికి కూడా చేరేలా చూడడం.

అల్లాహ్ మా తప్పులను, మీ తప్పులను, సమస్త ముస్లింల తప్పులను మన్నించుగాక! ఆయననే క్షమాపణ వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కు స్తోత్రాలు, ఆయన ప్రవక్తపై దరూద్, సలాములు.

సోదరులారా! తౌబాకు ఉలమా చెప్పిన షరతులు మనకు తెలుసు. చేసిన దానికి పశ్చాత్తాపం చెందాలి, ఆ పనిని వెంటనే మానాలి, తిరిగి చేయనని నిశ్చయించుకోవాలి. ఆ తప్పు తోటి మనిషి హక్కుకు సంబంధించినదైతే నాలుగవ షరతు ఒకటి ఉంది: ఆ హక్కును తిరిగి ఇవ్వాలి, లేదా ఆ మనిషిని క్షమాపణ కోరాలి. నీటి విషయంలో మన తప్పు అల్లాహ్ పట్ల చేసినదే కాదు, మనుషుల పట్ల కూడా చేసినది. కేవలం అస్తగ్‌ఫిరుల్లాహ్ అనడంతో అది తీరిపోదు.

మా మస్జిద్ విషయంలో మేము చేసినది కొద్దిపాటిదే. కమిటీ పెద్దలు ఆ అవ్వ ఇంటికి వెళ్లి క్షమాపణ కోరారు. మస్జిద్ వెనుక గోడకు బయటి వైపు ఒక కొళాయి అమర్చాం. దానికి తాళం లేదు, సమయాల నియమం లేదు. వుజూ కొళాయిలను సన్నధార వచ్చేలా మార్చాం. వుజూ నీరు మురుగులో కలవకుండా ప్రక్కనున్న మొక్కలకు మళ్లించాం. మస్జిద్ పైకప్పు మీద పడే వాననీటికి ఇంకుడుగుంత తవ్వించాం. హైదరాబాదు ప్రాంతంలో సంవత్సరానికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల పైకప్పు మీద కురిసేది సుమారు 74,000 లీటర్లు. కొంత ఆవిరై, కొంత వృథా అయినా, మిగిలినది నేలలోకి దిగితే ఎవరో ఒకరి పంపులోకి చేరుతుంది. మేము తీసుకున్న దానిని మేము పూర్తిగా తిరిగి ఇచ్చేశామని చెప్పడం లేదు. తిరిగి ఇవ్వడం మొదలుపెట్టాం, అంతే.

ఇక మీలో ప్రతి ఒక్కరూ మీ ఇంటి లెక్క చూసుకోండి. కొత్త బోరు వేయించే ముందు పొరుగువారిని అడగండి, అనుమతి తీసుకోండి. నలుగురు కలిసి ఒక్క బోరు వాడుకోగలిగితే అదే మేలు. ఇల్లు కడుతున్నవారు ఇంకుడుగుంతను ప్లానులో చూపి వదిలివేయకండి, నేలలో తవ్వించండి. చెరువు భూమిలో ప్లాటు చౌకగా వస్తున్నదంటే, ఎవరి నీటిని తీసుకుని అది చౌకైందో విచారించండి. వలీమా చేసేవారు నీళ్ల సీసాలకు బదులు కూజాలు, స్టీలు గ్లాసులు పెట్టండి. మిగిలిన అన్నం చేరవలసిన వారికి చేరే ఏర్పాటు ముందే చేయండి. ఖుర్బానీ ఇచ్చేవారు వ్యర్థాలను మునిసిపాలిటీ బండికి అప్పగించే వరకు తమ ఆరాధన పూర్తి కాలేదని భావించండి.

ఇవన్నీ చేసినా కర్మాగారాల మురుగు ఆగుతుందా అని ఒక సోదరుడు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఓడ హదీసులో రంధ్రం చేయకుండా ఉండడమే కాదు, చేసేవాని చేయి పట్టుకోవడం కూడా ఉంది. చెరువు కబ్జా అవుతుంటే ఇరుగుపొరుగు వారితో, అన్ని మతాల వారితో కలిసి అధికారులకు అర్జీ పెట్టండి. అయితే తన చేతిలో ఉలి పట్టుకున్నవాడు ఇతరుల చేయి పట్టుకోలేడు. ముందు మన ఉలిని కింద పెట్టాలి.

హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) తల్లి మరణించినప్పుడు, ఆమె తరఫున ఏ దానం శ్రేష్ఠమని ఆయన అడిగితే, నీరు అని దైవప్రవక్త (స) సమాధానమిచ్చారు. ఆయన తల్లి పేర ఒక బావి తవ్వించారు. ఆ నేలలో ఒక రంధ్రం తల్లికి పుణ్యమై నిలిచింది. అదే నేలలో మన రంధ్రం పొరుగువానికి దాహమై నిలిచింది. రెండూ బావులే. ఒకటి ఇతరుల కోసం తవ్వినది, రెండవది ఇతరులను మరచి తవ్వినది.

ప్రళయం వచ్చేస్తున్నా మీ చేతిలో మొక్క ఉంటే, వీలైతే దానిని నాటండి అని మన ప్రవక్త (స) ఆదేశించారు. ఆ మొక్క చెట్టవుతుందా, దాని నీడలో ఎవరైనా కూర్చుంటారా అన్న లెక్క మనది కాదు. నాటడం మనది. ముస్లిం నాటిన చెట్టు నుండి పక్షి తిన్నా, పశువు తిన్నా, మనిషి తిన్నా అది అతనికి సదఖా అని కూడా ఆయన శుభవార్త ఇచ్చారు. కనుక ఆలస్యమైపోయిందన్న మాటకు మన ధర్మంలో తావు లేదు.

రండి, దుఆ చేద్దాం.

ఓ అల్లాహ్! నీవు కొలతతో పంపిన నీటిని మేము కొలత లేకుండా పారబోశాం. మమ్మల్ని మన్నించు. మా వుజూ వల్ల దప్పిగొన్నవారు ఎవరైనా ఉంటే, వారి హక్కును మా చేతులతోనే తిరిగి ఇప్పించు. ఆ లెక్కను పరలోకానికి మిగల్చకు. మా చెరువులను నింపు, మా నదులను శుభ్రపరచు, అంతకుముందు మా అలవాట్లను శుభ్రపరచు. మా పిల్లలకు ఎండిన బావులను వారసత్వంగా ఇచ్చే దౌర్భాగ్యం నుండి మమ్మల్ని కాపాడు. మా పొరుగువారిని, వారు ఏ ధర్మం వారైనా, మా కీడు నుండి సురక్షితంగా ఉంచు. మేలు చేసే వానను మాపై కురిపించు. ఆమీన్.

దైవదాసులారా! నమాజు తరువాత బయటకు వెళ్లేటప్పుడు ఒక్కసారి వుజూఖానా వైపు చూడండి. ఏదైనా కొళాయి కారుతూ ఉంటే కట్టి వెళ్లండి.